నిమ్మళం నేర్చుకోవడానికి కోరుట్ల వెళ్లాను

నేను డ్రాయింగ్ మాస్టర్ని. తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నాను. నాకు పెద్ద పేరేమీ లేదు కానీ ఒక విద్య ఉండేది. తాడూ కంపాసూ లేకుండా, సుద్దముక్క ఎత్తకుండా, నల్లబల్ల మీద ఒక్క ఊపులో వృత్తం గీసేవాణ్ణి. కొత్తగా చేరిన పిల్లలు అది చూసి నోళ్లు తెరిచేవాళ్లు. ఆ తెరిచిన నోళ్లు చూసుకుంటూనే నేను అంత తక్కువ జీతంలో అన్నేళ్లు నెట్టుకొచ్చాను.

ఆ చెయ్యి వణకడం మొదలుపెట్టింది. మొదట కాఫీ గ్లాసు దగ్గర, తరవాత సంతకం దగ్గర, ఆఖరికి బోర్డు దగ్గర. నేను గీసిన వృత్తాన్ని చూసి ఒక పిల్లాడు "దోసకాయా మాష్టారూ?" అని అడిగాడు. గుంటూరు డాక్టరు సుత్తితో మోకాళ్ల మీద కొట్టి చూసి, నరాలన్నాడు, కంగారు తగ్గించుకోమన్నాడు. కంగారు తగ్గించుకోమని చెప్పినవాళ్లే అందరూ, ఎలాగో చెప్పినవాడు ఒక్కడూ లేడు. ఇంకో ఏడాది చూద్దామని హెడ్మాస్టరు అన్నప్పటి నుంచీ ఎడమ చెయ్యి కూడా వణకసాగింది.

అప్పుడు జగిత్యాల నుంచి మా తోడల్లుడు ప్రసాదరావు ఉత్తరం రాశాడు. అక్కడ బ్యాంకులో పని ఆయనకి. కోరుట్ల పక్క పల్లెలో సింగపూర్ వెళ్లొచ్చిన మనిషొకడు చీనావాళ్ల కసరత్తు నేర్పుతున్నాడనీ, తైచీ అంటారట, అది చేశాకే తన మెడనొప్పి పోయిందనీ రాశాడు. మా ఆవిడ ఉత్తరం చదివి కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనంది. ఆ రోజుల్లో పేపరు తీస్తే కరీంనగర్ జిల్లా వార్తలు రెండే రకాలు. అయితే ఎన్‌కౌంటరు, కాకపోతే మందుపాతర. దసరా సెలవులు పది రోజులు ఉన్నాయి. భయపడుతూనే బయల్దేరాను.

జగిత్యాల

బస్సు దిగగానే ప్రసాదరావు నన్ను కాకుండా నా చొక్కాని చూశాడు. అది ముదురాకుపచ్చది. కిందటి పండక్కి మా ఆవిడ కొన్నది. ఇంటికి తీసుకెళ్లి ముందు ఆ చొక్కా విప్పించి, తన తెల్లచొక్కా ఇచ్చి, ఆ తరవాతే మంచినీళ్లిచ్చాడు. ఆయన భార్య, మా మరదలు, ఆ చొక్కాని మడిచి ట్రంకు పెట్టె అడుక్కి తోసేసింది. "ఈ రంగు వేసుకుంటే ఇటువాళ్లు అటువాడనుకుంటారు, అటువాళ్లు ఇటువాడనుకుంటారు. ఇద్దరి దగ్గరా తుపాకులున్నాయి బావగారూ" అంది నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

ప్రసాదరావు నా సంచి తెరిచి డ్రాయింగు నోటుబుక్కు బయటికి తీశాడు.

"ఇదెందుకు?"

"కసరత్తు బొమ్మలు గీసుకోవడానికి."

"ఊళ్లో గీసుకో. బస్సులో మాత్రం తియ్యకు. ఇక్కడ దారి అడిగినవాణ్ణీ బొమ్మలు గీసినవాణ్ణీ ఒకేలా చూస్తారు."

మర్నాడు పాతకోట చూపించాడు. నక్షత్రం ఆకారంలో కట్టిన కోట, చుట్టూ కందకం. నా వేళ్లు దురద పెట్టాయి కానీ నోటుబుక్కు ఇంట్లోనే ఉంచాను. ఊరి మధ్య గడియారం టవర్ దగ్గర సర్వపిండి తిన్నాం. బియ్యప్పిండిలో నువ్వులూ శనగపప్పూ కలిపి, గిన్నెకు అద్ది కాల్చే మందపాటి రొట్టె అది. అర్ధరూపాయికి ఇచ్చిన ముక్కతో కడుపు నిండిపోయింది. మా వైపు హోటల్లో సర్వరు "ఏం కావాలండీ" అంటాడు. ఇక్కడ "ఏం తింటవ్ సారూ" అన్నాడు. మొదటిసారి విని ముఖం ముడుచుకున్నాను. వీళ్ల 'నువ్వు'లో అమర్యాద లేదనీ, ఆ మర్యాదంతా 'సారూ' అనడంలో ఉందనీ అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది.

కోరుట్ల

కోరుట్ల బస్టాండులో ఒక మనిషి సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి. నల్లగా, పొట్టిగా, వెడల్పాటి పాదాలతో ఉన్నాడు. నా పేరు అడగలేదు, ఊరు అడగలేదు.

"బ్యాంకు సారు తోడల్లుడివి గదా? కూసో" అని సైకిలు వెనక సీటు చూపించాడు.

ఆయన్ని గంగారాం అంటాను. అది ఆయన పేరు కాదు. ఆయన ఊరి పేరు కూడా ఇక్కడ రాయను. కోరుట్లకూ ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీకీ మధ్య ఎక్కడో అనుకోండి.

దారిలో చెరుకు బండ్లు ఎదురయ్యాయి. గంగారాం తొక్కుతూనే తన కథ చెప్పాడు. భూమి లేని ఇల్లు, తాత నుంచీ దొర దగ్గర వెట్టి. అప్పో సప్పో చేసి సింగపూర్ వెళ్లి మేస్త్రీల కింద పనిచేశాడు. రెండో అంతస్తు చెక్క మీది నుంచి జారిపడితే నడుం పట్టేసింది. అక్కడ సైటు కాపలాకి ఉన్న ముసలి చీనాయన రోజూ తెల్లవారుజామున ఒంటరిగా ఏదో చేస్తుంటే, వెనక నిలబడి తనూ చేశాడట. ఆరేళ్లు చేశాడు.

"మరి ఏ భాషలో చెప్పేవాడు?" అన్నాను.

"ఆయనకు నా మాట రాదు, నాకు ఆయన మాట రాదు. రాకనే మంచిదైంది సారూ. మాటలుంటె నడుమ జొరవడి ఆగం జేత్తయి."

ఆ పూట వాళ్లింట్లో మక్క గట్క తిన్నాను. మొక్కజొన్న రవ్వ ఉడికించి, మీద పచ్చిపులుసు పోసి ఇచ్చారు. గంగారాం భార్య కంచం నా ముందు పెట్టి, తింటానో లేదోనని గడపలో నిలబడి చూసింది. మా ఊళ్లో ఊరవతలి పేటవైపు నేను మంచినీళ్లయినా తాగి ఎరగను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. అడిగి రెండోసారి వేయించుకున్నాను. ఆవిడ లోపలికి వెళ్లి గంగారాంతో ఏదో చెప్పి నవ్వింది.

గడి ముందు

ఆ ఊళ్లో దొర కట్టించిన గడి, కోటలాంటి మేడ, ఉంది. దొర కుటుంబం అన్నలకు, అంటే నక్సలైట్లకు, భయపడి పట్నం వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. తలుపులు ఎవరో పీక్కుపోయారు. మేడ మీద రావిమొక్క మొలిచింది. గుమ్మం మీద ఎప్పుడో కట్టిన ఎర్రగుడ్డ ఎండకు వెలిసి గులాబీ రంగుకు తిరిగింది. ఆ గడి ముందున్న బండల వాకిట్లో, సూర్యుడు రాకముందు పన్నెండుమంది వరసగా నిలబడ్డారు. తొమ్మిదిమంది బీడీలు చుట్టే ఆడవాళ్లు. రోజంతా ఒళ్లో చాట పెట్టుకుని, తల వంచి తునికాకు చుట్టేవాళ్లకి మెడలూ వేళ్లూ పట్టేస్తాయి. ఆ నొప్పులే వాళ్లని అక్కడికి తెచ్చాయి.

అందరిలోకీ పెద్దది లచ్చవ్వ. చెప్పులేసుకుని టకటకా ప్రహరీ గుమ్మం దాటి వాకిలి మధ్యకి వచ్చి, అక్కడ విప్పింది.

"బయటే విప్పొచ్చుగా అవ్వా?" అన్నాను.

"గప్పుడు దొర కోసం బయట్నే ఇడిసేటోళ్లం సారూ. గిప్పుడు మా కాళ్ల కోసం ఈడ ఇడుత్తున్నం" అంది. అందరూ నవ్వారు.

వాళ్లు దాన్ని తైచీ అనరు. 'నిమ్మళం కసరత్' అంటారు. నిదానం, మనశ్శాంతి రెండూ ఆ మాటలో ఉన్నాయి. నిజంగానే అంత నిదానం నేనెక్కడా చూడలేదు. చెయ్యి లేస్తున్నదో లేదో తెలియనంతగా లేస్తుంది. బర్రె మెడ నిమిరినట్టు ఒక కదలిక, కొంగ రెక్క విప్పినట్టు ఒకటి, కోతిని వెళ్లగొడుతూ వెనక్కి అడుగేసినట్టు ఇంకొకటి. చీనాయన గుర్రం మెడ అని సైగ చేసేవాడట. ఈ ఊళ్లో గుర్రాన్ని ఎవరు చూశారని గంగారాం బర్రెని పెట్టాడు. నాకు నచ్చింది 'మబ్బుల చేతులు'. రెండు చేతులూ ఛాతీ ముందు ఒకదాని కింద ఒకటి తిరుగుతూ, కనపడని బంతినేదో పట్టుకుని పక్కకు మోసుకుపోతున్నట్టుంటాయి.

"ఒక కాలు నిండు కుండ, ఒక కాలు ఉత్త కుండ. నిండు దాంట్లకెల్లి ఉత్త దాంట్లకు నిమ్మళంగ వొంపాలె. రెండు కాళ్ల మీద సమంగ బరువేసినవో, ఎవడన్న నూకితె పడ్తవ్" అనేవాడు గంగారాం. ఊపిరి గురించి అడిగితే, బావిలోకి చేద దించినట్టు దించమన్నాడు. తాడు వదిలేస్తే చేద పగులుతుంది, గట్టిగా పట్టుకుంటే కిందికి పోదు. పుస్తకాల్లో 'చీ' అని ఏదో ప్రాణశక్తి గురించి రాస్తారటగా అన్నాను. "గదంత నాకు తెల్వది. చేసినంక పాణం ఎచ్చగైతది, గంతే" అన్నాడు.

రెండో రోజు నన్ను ఎదురుగా నిలబెట్టి నా అరచేతి మీద తన అరచెయ్యి ఆనించి నెమ్మదిగా తోశాడు. నేను బిగుసుకుని ఎదురు తోశాను. ఎలా పడ్డానో తెలియదు, బండ మీద కూర్చుని ఉన్నాను. ఆడవాళ్లు చీరకొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"నూకితె ఎదురు నూకద్దు సారూ. జర పక్కకు జరుగు. నూకినోడే ముందుకు పడ్తడు. నీ చెయ్యి గూడ గందుకే వణుకుతాంది. ఎవ్వలు నూకకున్న నువ్వు ఎదురు నూకుతున్నవ్."

ఆ మాటకి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. గుంటూరు డాక్టరు సుత్తితో కొట్టి కనుక్కోలేనిది ఈయన అరచేత్తో కనుక్కున్నాడు.

ఆ ఉదయమే దూరంగా మోటారు చప్పుడు వినపడింది. నేను పారిపోవడానికి దారి వెతికాను. మిగతావాళ్లు ఎవరూ కదల్లేదు. కదలకపోవడమంటే మామూలుగా కాదు. ఎవరు ఏ భంగిమలో ఉన్నారో అలాగే ఆగిపోయారు. లచ్చవ్వ ఒంటికాలి మీద కొంగలాగే నిలబడింది. ఆ వయసులో ఆ కాలు వణకలేదు. చప్పుడు దగ్గరికొచ్చి, ఫ్యాక్టరీ వైపు మళ్లి, సన్నగిల్లింది. అప్పుడు ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టారు. నా చొక్కా మాత్రం తడిసిపోయింది.

"ఉరికితె పోయినట్టే. జీపు చప్పుడైతె ఉరుకద్దని అందరికి ముందుగాల్ల గదే నేర్పిన" అన్నాడు గంగారాం.

"అన్నలకు తెలుసా ఇక్కడ మీరు చేస్తున్నట్టు?"

"ఒకపారి అచ్చి చూసిండ్రు. ఇదేంది అన్నరు. నొప్పులకని చెప్పిన. సరే అని పోయిండ్రు."

"మరి పోలీసులు?"

"వాళ్ల కంట్ల ఇంక పడలే. పడొద్దు గూడ" అని, నా నోటుబుక్కు వైపు చూసి, "గీడ చేసింది గీడనే ఇడిసిపోవాలె సారూ. నువ్వు బొమ్మలు గీసుకో. బయట మాత్రం తియ్యకు" అన్నాడు. తియ్యనన్నాను.

నాలుగు రోజులు ఉన్నాను. పన్నెండుమందినీ గీశాను, ఎవరి పాదం ఎటు కదులుతుందో బాణం గుర్తులు పెట్టి. మొదటి రోజు గీతలు నులకతాళ్లలా ఉన్నాయి. నాలుగో రోజు కొంచెం నయం. వెళ్లే ముందు గంగారాం, సిరిసిల్లలో రాజేశం మామ అనే ముసలి సాంచె పనివాణ్ణి చూసి వెళ్లమన్నాడు. సాంచెలంటే కరెంటు మగ్గాలు. ఆయన చేతులు కూడా నా చేతుల్లాగే వణికేవట. ఈ కసరత్తు పట్టాక ఇప్పుడు తెగిన పోగు తనే ముడేస్తున్నాడట. "ఆయన్ని చూత్తె నీకు ధైర్నమైతది" అన్నాడు.

వేములవాడ దాటాక

వేములవాడలో భక్తులు దిగిపోయి బస్సు ఖాళీ అయింది. నాకు కిటికీ పక్క సీటు దొరికింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని చూసుకుంటే అవి కదలడం లేదు. నమ్మలేదు. ఊపిరి చేదలా దించి మళ్లీ చూశాను. కదలడం లేదు. ఏడాదిన్నర తరవాత నా చేతులు నేను చెప్పినట్టు వింటున్నాయి. ఇంక ఆగలేకపోయాను. నోటుబుక్కు తీసి లచ్చవ్వ కొంగ భంగిమని మళ్లీ గీశాను. మెడ దగ్గర మొదలుపెట్టి మడమ దాకా ఒక్కటే గీత, ఎక్కడా తెగలేదు. ప్రసాదరావు చెప్పిందీ గంగారాంకి నేనిచ్చిన మాటా రెండూ గుర్తున్నాయి. గుర్తుండే గీశాను. ఆ సంతోషం అలాంటిది.

బస్సు ఆగింది. పోలీసులు ఎక్కారు. నేను నోటుబుక్కు మూయబోయేసరికి ఒక జవాను చెయ్యి దాని మీద పడింది.

"ఏందిది?"

నన్ను దింపి బస్సుని పంపేశారు. ఇసుక బస్తాలు పేర్చిన ఠాణాలో ఒక బెంచీ మీద కూర్చోబెట్టారు. హెడ్ కానిస్టేబులు నా ఎదురుగా కూర్చుని పేజీలు తిప్పాడు. ఆ పేజీల్ని నేనూ అతని కళ్లతో చూశాను. పాడుబడ్డ గడి, దాని గుమ్మాలు, ప్రహరీ. వరసగా పన్నెండుమంది. ఛాతీ ముందు రెండు చేతులతో కనపడనిదేదో పట్టుకుని నిలబడ్డారు. కాళ్ల దగ్గర బాణాలు.

"తుపాకి పట్టుడు నేర్పుతున్నరా?" అన్నాడు.

 ఎక్కడలేని వణుకూ తిరిగొచ్చింది. మా ఆవిడా, స్కూలూ, నాకు పిల్లలు లేని సంగతీ అన్నీ ఒకేసారి తలలో తిరిగాయి. మర్నాటి పేపర్లో నా గురించి ఏమని రాస్తారో కూడా ఊహించుకున్నాను.

అప్పుడు ఎస్సై వచ్చాడు. ముప్పై ఏళ్ల కుర్రాడు, నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. నడుం మీద చెయ్యి వేసుకుని మెల్లిగా కుర్చీలో కూర్చున్నాడు.

"ఏ ఊరండీ మీది?"

"తెనాలి దగ్గరండీ. డ్రాయింగ్ మాష్టర్నండీ."

"అరే! మాది రేపల్లె పక్కనేనండీ" అన్నాడు. ఆ యాస వినగానే నాకు సొంత తమ్ముణ్ణి చూసినట్టయింది. "ఈ బొమ్మలేంటో చెప్పండి మాష్టారూ. కంగారు పడకండి."

చెప్పాను. అతనికి నమ్మకం కలగలేదు. చేసి చూపించమన్నాడు. ఠాణా మధ్యలో, తుపాకుల అల్మారా ముందు, చెప్పులు విప్పి నిలబడ్డాను. బర్రె మెడ నిమిరాను, కొంగ రెక్క విప్పాను, మబ్బుల చేతులు తిప్పాను. మొదట జవాన్లు నవ్వారు. తరవాత నవ్వు ఆగింది. నిమ్మళం కసరత్తుకి ఆ గుణం ఉంది, చూసేవాడి ఊపిరి కూడా నెమ్మదిస్తుంది. చేస్తుండగానే నా చేతుల వణుకు పోయింది.

"నడుం నొప్పికి పనిచేస్తుందాండీ?" అని అడిగాడు ఎస్సై.

ఇంక నన్ను పట్టేవాళ్లు లేరు. గంగారాం అసలు పేరు చెప్పాను. ఊరి పేరు చెప్పాను. నడుం విరిగి ఎలా బాగుపడ్డాడో చెప్పాను. గడి ముందు ఏ వేళకి కలుస్తారో చెప్పాను. అడిగినవీ చెప్పాను, అడగనివీ చెప్పాను. గంగారాంకి మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

"మా వాళ్లకు ఒకడికి నిద్ర లేదు, ఒకడికి నడుం లేదు మాష్టారూ. కోరుట్ల వాళ్లకి కబురు చేస్తాను. రేపు పొద్దున్నే జీపు పంపి పిలిపిస్తారు. రోజూ స్టేషన్‌కి వచ్చి నేర్పమంటాం. ఊరికే కాదులెండి" అన్నాడు. చాయ్ తెప్పించాడు. నోటుబుక్కు తిరిగిచ్చాడు. తనే రోడ్డు మీదికి వచ్చి బస్సు ఆపి, డ్రైవరు వెనక సీట్లో కూర్చోబెట్టాడు. బస్సు కదిలాక నాలో నేనే నవ్వుకున్నాను.

సిరిసిల్ల

సిరిసిల్లలో ఇళ్లన్నీ ఒకేసారి మాట్లాడుతున్నట్టుంటుంది. ఏ గోడకు చెవి పెట్టినా టకటక. చీరల ఊళ్లు మా వైపూ ఉన్నాయి కానీ అక్కడ గుంట మగ్గం చప్పుడు చేతి చప్పుడు, మనిషి ఆగితే ఆగుతుంది. ఇక్కడ మనిషే సాంచె కోసం పరిగెత్తాలి. రాజేశం మామ నాలుగు సాంచెల మధ్య బనీనుతో తిరుగుతున్నాడు. అరవై దాటాయి. తెగిన పోగుని రెండు వేళ్లతో అందుకుని, నేను చూస్తుండగానే ముడేసి వదిలాడు. ఆ వేళ్లు చూస్తే నిజంగానే ధైర్యం వచ్చింది.

గంగారాం పంపాడని అరిచి చెప్పాను. ముఖమంతా నవ్వాడు. ఆ చప్పుడులోనే దారిలో జరిగింది కూడా సంబరంగా అరిచి చెప్పాను. ఠాణాలో కసరత్తు చేసి చూపించాననీ, పోలీసులకే నచ్చిందనీ, రేపు గంగారాం కోసం జీపు వస్తుందనీ, రోజూ వెళ్లి నేర్పాలనీ.

రాజేశం మామ ఒక సాంచె ఆపాడు. తరవాత రెండోది ఆపాడు. నాలుగూ ఆపేసి నా దగ్గరకొచ్చాడు.

"పేరు చెప్పినవా?"

"చెప్పాను."

"ఊరు?"

"చెప్పాను."

ఆయన సాంచె చెక్కకి ఆనుకున్నాడు.

"రోజు ఠాణకు పోయొచ్చేటోన్ని మా దిక్కు ఏమంటరో ఎర్కేనా సారూ?"

నాకు తెలియదు. ఆ క్షణం దాకా నిజంగా తెలియదు.

"ఇన్ఫార్మర్ అంటరు. కసరత్ నేర్పవోయిండా, కతలు చెప్పవోయిండా అని అన్నలు కూసుండవెట్టి అడగరు. పీనుగ మీద ఒక చిట్టీ రాసిపెట్టి పోతరు. పోనంటడా, పోలీసులు ఊకుంటరా? గడిల పన్నెండుమందిని నిలవెట్టి ఏం నేర్పుతున్నవ్ రా అంటరు. గా ఆడోళ్లను గూడ గుంజుకపోతరు."

 నేను ఇప్పుడే తిరిగి కోరుట్ల వెళ్లి చెబుతానన్నాను.

"నువ్వు పోకు. ఠాణల చాయ్ తాగి అచ్చినవ్. మళ్ల ఆయన ఇంటికి పోతె అదొక తప్పు" అన్నాడు.

ఆయన చిలక్కొయ్య మీది చొక్కా వేసుకున్నాడు. సేటు వచ్చి సాంచెలెందుకు ఆగాయని కేకలేస్తే, చెల్లెకు పాణం మీదికొచ్చిందని అబద్ధం చెప్పాడు. నా వైపు చూసి, "తెల్వక చేసినవ్ తియ్" అని మాత్రం అన్నాడు. తిట్టినా బాగుండేది. కోరుట్ల వైపు వెళ్లే బస్సులో ఆయన కడ్డీ పట్టుకుని నిలబడి వెళ్లిపోయాడు. ఆ ముసలాయన ఒక రోజు కూలీ పోగొట్టుకుని, ప్రాణాలకు తెగించి, నా నోటిదూల సరిదిద్దడానికి వెళ్తున్నాడు. నేను మాత్రం కామారెడ్డి బస్సెక్కి రైలు దారి పట్టాను.

ఎల్లారెడ్డిపేట

బస్సు ఎల్లారెడ్డిపేటలో చాలాసేపు ఆగింది. అక్కడి మెట్ట చెలకల్లో ఆ ఏడు వానలు పడలేదు. బొంబాయి వెళ్లే కూలీలు మూటలతో, తట్టలతో ఎక్కారు. నా పక్కన కూర్చున్న ఆమె గుడ్డ విప్పి ఉడికించిన మక్క కంకి ఒకటి నా చేతిలో పెట్టింది. మా వైపు బస్సులో పరాయివాళ్లు ఇచ్చింది తినొద్దని పిల్లలకు చెబుతాం. ఇక్కడ పక్కవాడికి పెట్టకుండా తినడం తప్పట.

కంకి ఒలుస్తున్న చెయ్యి వణుకుతుంటే గింజలు ఒళ్లో రాలాయి.

"పాణం మంచిగ లేదా అన్నా?" అంది.

"బాగానే ఉందమ్మా."

"మరి గట్ల వణుకుతున్నవేంది?"

 ఎదురుగా జీపు వస్తే అది కోరుట్ల వెళ్తున్న జీపేమో అనిపించింది. రాజేశం మామ బస్సు ఎంతవరకు పోయి ఉంటుందో లెక్కవేసుకున్నాను. వేములవాడలో బస్సు మారాలి. దొరక్కపోతే? దారిలో ఆయన్నీ దింపితే? కామారెడ్డి దాకా ఆ కంకి అలాగే పట్టుకుని ఉన్నాను.

ఇంటికొచ్చాక

మా ఆవిడ నన్ను చూసి, క్షేమంగా వచ్చారు, అదే పదివేలంది. నేను నవ్వలేదు. పేపరు వచ్చేసరికి గేటు దగ్గర నిలబడేవాణ్ణి. ముందు కరీంనగర్ వార్తలు చూసి, ఆ పేరు లేదని రూఢి చేసుకున్నాకే కాఫీ తాగేవాణ్ణి. ఉత్తరం రాయడానికి ఎన్నిసార్లు కూర్చున్నానో లెక్కలేదు. నా ఉత్తరమే ఇంకో సాక్ష్యం అవుతుందేమోనని చింపేసేవాణ్ణి. ప్రసాదరావుకి రాస్తే అటువైపు వెళ్లడం మానేశానని జవాబిచ్చాడు. కసరత్తు మాత్రం మానలేదు. మానితే గంగారాం నాకిచ్చింది కూడా పోగొట్టినవాణ్ణవుతానని భయం. రోజూ తెల్లవారుజామున పెరట్లో చెప్పులు విప్పి నిలబడేవాణ్ణి. వీధిలో లారీ చప్పుడైతే ఒంటికాలి మీదే ఆగిపోయేవాణ్ణి.

నాలుగో నెలలో ఇన్‌లాండు కవరొకటి వచ్చింది. బొంబాయి దగ్గరి భీవండి ముద్ర ఉంది. పంపినవాడి చిరునామా లేదు. పెద్ద పెద్ద అక్షరాలు.

"సారూ, రాజేశం మామ పొద్దుగూకక ముందే అచ్చి చెప్పిండు. నేను అప్పుడే ఎల్లిన. తెల్లారి జీపు అచ్చిందట. సింగపూర్ పోయిండని ఇంటిది చెప్పింది. రెండు మాటలని పోయిండ్రట. మామ మంచిగనే ఉన్నడు. నువ్వు కావాల్నని చెయ్యలే, నాకెర్కే. నూకితె ఎదురు నూకద్దని నేనే చెప్పితి, గందుకే పక్కకు జరిగిన. గడి ముందట ఇప్పుడు ఎవ్వలు నిలవడ్తలేరు. లచ్చవ్వ ఒక్కతే ఇంట్ల తలుపేసుకొని చేత్తదట. ఈడ సాంచెల నడుమ చెయ్యి చాపెటంత జాగ లేదు. నేను గూడ ఇడిసిపెట్టిన. నడుం మళ్ల పట్టింది. నీ చెయ్యి ఎట్లున్నది?"

ఇప్పటికి ఏడాది దాటింది. మళ్లీ ఉత్తరం రాలేదు. మొన్న సోమవారం ఎనిమిదో తరగతిలో సుద్దముక్క తీసుకుని, ఊపిరి దించి, కుడికాలి మీదికి బరువు వొంపి బోర్డు మీద వృత్తం గీశాను. మొదలుపెట్టిన చోటికే వచ్చి కలిసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను వెనక్కి తిరగలేక చాలాసేపు బోర్డు వైపే నిలబడిపోయాను.

నా చెయ్యి బాగుంది గంగారాం. ఈ మాట నీకు పంపాలంటే రాయడానికి ఊరు లేదు. ఉన్న ఊరిని నేనే చెప్పి పోగొట్టాను.